ఏడు వందల నలభై కిలోమీటర్లు, గంటా ఇరవై అయిదు నిమిషాలు

మా మామయ్య ముప్పై ఒక్క సంవత్సరాలు ఒకే ప్రశ్నకు జవాబు చెప్పాడు. ఇక్కణ్ణించి అక్కడికి ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది? మా ఊరి విమానాశ్రయం నుంచి రోజుకు మూడు విమానాలు లేచేవి. మూడూ ఒకే చోటికి, సముద్రం పక్కనున్న పెద్ద నగరానికే వెళ్ళేవి. కాబట్టి ప్రశ్న మారేది కాదు, జవాబూ మారేది కాదు. ఏడు వందల నలభై కిలోమీటర్లు, గంటా ఇరవై అయిదు నిమిషాలు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన విచారణ గదిలో టెలిఫోను దగ్గర కూర్చునేవాడు. ఆ గదికి కిటికీ లేదు. విమానాల గురించి రోజంతా మాట్లాడుతూ, ఒక్క విమానాన్నీ చూడకుండా పదకొండేళ్ళు గడిపాడు. ఫోను చేసేవాళ్ళలో సగం మంది ప్రయాణం చేసేవాళ్ళు కారు. ఊరికే తెలుసుకోవడానికి చేసేవాళ్ళు. రోడ్డు మీద తొమ్మిది వందల ముప్పై కిలోమీటర్లుంటే విమానానికి ఏడు వందల నలభయ్యే ఎలా అయిందని అడిగేవాళ్ళు. కొండ చుట్టూ తిరిగి వెళ్ళేది రోడ్డనీ, పైన కొండ లేదనీ ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. వెళ్ళడానికి గంటా ఇరవై అయిదు, తిరిగి రావడానికి గంటా పదిహేను ఎందుకని నిలదీసేవాళ్ళూ ఉండేవాళ్ళు. దూరం ఒకటే కదా, మధ్యలో పది నిమిషాలు ఎవరు తిన్నారని ఒకాయన గట్టిగా గొడవపడ్డాడట. గాలి ఎదురొస్తుందని చెప్తే నమ్మలేదట. చివరికి మామయ్య, "అత్తగారింటికి వెళ్ళేటప్పుడూ, తిరిగొచ్చేటప్పుడూ మీకు ఒకే టైము పడుతుందా అండీ?" అని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, సరే అని ఫోను పెట్టేశాడట.

వీధిలో ఆయన పేరు గంటన్నర. మందుల షాపాయన దగ్గర్నుంచి ఇస్త్రీ అతని దాకా అందరూ అలాగే పిలిచేవాళ్ళు. పేరు పెట్టినందుకు మామయ్యకు బాధ లేదు, అందులో అయిదు నిమిషాలు ఎక్కువైనందుకే బాధ. ప్రతిసారీ ఆగి సరిదిద్దేవాడు. దాంతో వాళ్ళు ఇంకా పిలిచేవాళ్ళు.

విమానం ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టే పద్ధతి నాకు పదేళ్ళ వయసులో నేర్పాడు. మా అమ్మ పోయాక నన్ను తన దగ్గరకు తెచ్చుకున్న సంవత్సరం అది. విమానం నిలబడి ఉన్నప్పుడు జారకుండా చక్రాల కింద చెక్కలు పెడతారు. ఇక్కడ ఆ చెక్కలు తీసినప్పటి నుంచి, అక్కడ మళ్ళీ చెక్కలు పెట్టేదాకా ఉన్నది ప్రయాణం. గాలిలో ఉండేది గంటా అయిదు నిమిషాలే. మిగతా ఇరవై నేల మీద పాకడానికి. "జనం గాల్లో ఉన్నదే లెక్కేసుకుంటారు అల్లుడూ. నేల మీద పోయే టైము ఎవరికీ గుర్తుండదు," అన్నాడు. నాకు ఆ వయసులో అది గొప్ప రహస్యం తెలిసినట్టుగా ఉంది. బళ్ళో చెప్తే ఎవరూ వినలేదు.

తర్వాత ఆయన్ను కింద కౌంటరుకు మార్చారు. టికెట్టు చూసి, సామాను తూచి, సీటు కాగితం చేతికిచ్చే పని. విమానానికి ముప్పావు గంట ముందు కౌంటరు మూసేయాలి. మూసేశాక "కౌంటరు మూయబడినది" అన్న చిన్న చెక్క బోర్డు ముందు పెట్టాలి. మామయ్య ఆ బోర్డును చేతిలోకి తీసుకునేవాడు గానీ పెట్టేవాడు కాదు. చేత్తో పట్టుకుని అయిదు నిమిషాలు అలాగే నిలబడేవాడు. ఆ అయిదు నిమిషాల్లో రొప్పుకుంటూ ఎవరో ఒకరు వచ్చేవారు. రోజూ కాదు, పది రోజులకొకరు. వాళ్ళకు సీటిచ్చి పంపి, అప్పుడు బోర్డు పెట్టేవాడు. ఇది ఏ పుస్తకంలోనూ రాసిన పద్ధతి కాదు. ఆయన చేతి కింద పని నేర్చుకున్న వాళ్ళందరూ అదే నేర్చుకున్నారు. పైవాళ్ళు రెండుసార్లు సంజాయిషీ అడిగి ఊరుకున్నారు.

అత్తయ్య ఇంట్లో బట్టలు కుట్టేది. మెడలో టేపు వేసుకునే అన్నం వడ్డించేది. పిల్లలు లేరు, నేనున్నాను. మామయ్య ఉద్యోగానికి ఉన్న ఒకే ఒక్క వైభవం ఆవిడకు వివాహమైన కొత్తలో తెలిసింది. అక్కడ పనిచేసేవాళ్ళకు విమానం టికెట్టు ఊరికే ఇస్తారు. కాకపోతే డబ్బిచ్చి కొన్నవాళ్ళందరూ ఎక్కాక, సీటు మిగిలితేనే. మిగలకపోతే ఇంటికి పోవాలి. సముద్రం చూద్దామని వాళ్ళిద్దరూ మూడుసార్లు పెట్టెలు సర్దుకుని వెళ్ళారు. మూడుసార్లూ తిరిగొచ్చారు. మొదటిసారి అత్తయ్య నవ్వింది. రెండోసారి, ఎదురింటివాళ్ళకు తెలియకుండా పక్కసందులోంచి ఇంటికొచ్చారు. మూడోసారి సాగనంపడానికి నేనూ వెళ్ళాను. నిజానికి ఆ రోజు రెండు సీట్లు మిగిలాయి. బోర్డు పెట్టని ఆ అయిదు నిమిషాల్లో ఒక ముసలాయనా ఆయన కొడుకూ వస్తే, మామయ్య ఆ సీట్లు వాళ్ళకిచ్చేశాడు. అత్తయ్య ఇంటికొచ్చి పెట్టెలోంచి కొత్త చీర తీసి, మడత నలగకుండా మళ్ళీ బీరువాలో పెట్టింది. ఆ తర్వాత సముద్రం మాట ఎత్తలేదు.

"ఊరందరికీ దారి చెప్తాడు మీ మామయ్య. తను మాత్రం గుమ్మం దాటడు," అనేది నాతో. ఆయన వింటుండగానే అనేది.

చాలా ఏళ్ళ తర్వాత ఆవిడకు గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదని తేలింది. మా ఊళ్ళో ఆ ఆపరేషను చేసేవాళ్ళు లేరు. నగరంలో చేయించాలి. రోగిష్టి మనిషిని కౌంటరు ముందు నిలబెట్టి, సీటు మిగులుతుందో లేదో చూడమనడం కుదరదు. అందుకని నేనూ అత్తయ్యా పదిహేను గంటలు రైల్లో వెళ్ళాం. ముప్పై ఏళ్ళు విమానాలు పంపినవాడి భార్య రైలెక్కి వెళ్ళడం నాకు ఎక్కడో కాలింది. ఆవిడకు కాలలేదు. కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషించింది.

ఆపరేషను శుక్రవారం. మామయ్యకు బుధవారం నుంచి సెలవు. ఒక రోజు సీటు దొరక్కపోతే ఇంకో రోజు ఉంటుందని, రెండు రోజులు ముందుగానే పెట్టుకున్నాడు. ఆయన లెక్కలన్నీ అలాగే ఉండేవి. సోమవారం సాయంత్రం ఆరున్నరకు పెద్ద డాక్టరు వచ్చి, రేపు చెయ్యవలసిన మనిషికి జ్వరం వచ్చిందనీ, ఆ వేళ మనకు ఇస్తాననీ, అత్తయ్యకు ఆలస్యం చెయ్యకపోవడమే మంచిదనీ చెప్పాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు. నేను మామయ్యకు ఫోను చేసేటప్పటికి ఆరింటి విమానం లేచిపోయింది.

అత్తయ్య ఫోను తీసుకుంది. ఆవిడ ఏదీ కావాలని అడిగే మనిషి కాదు. అందుకే ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

"నన్ను లోపలికి తీసుకెళ్ళేలోపు ఒకసారి కనపడండి. అంతే. ఏం తేనక్కర్లేదు," అంది.

ఆయన వస్తానన్నాడు. పొద్దున ఏడూ ఇరవై విమానం, ఎనిమిదీ నలభై అయిదుకు దిగుతుంది, అక్కణ్ణించి ఆసుపత్రికి నలభై నిమిషాలు, తొమ్మిదిన్నరకల్లా నీ మంచం పక్కన ఉంటానన్నాడు. ఆ విమానంలో ఇప్పటికి పదకొండు సీట్లు ఖాళీ అని కూడా చెప్పాడు.

ఇక్కడే నాకు ఈ రోజుకీ అర్థం కానిది ఉంది. అర్థమైంది కానీ ఒప్పుకోలేనిది. ఆ సాయంత్రం ఆయన ఒక టికెట్టు కొనుక్కోవచ్చు కదా. దాచుకున్న డబ్బూ ఉంది, కళ్ళెదురుగానే టికెట్లమ్మే కిటికీ ఉంది. అందరిలాగా కొనుక్కుంటే అందరిలాగా సీటుండేది. ఆయనకు అది తోచలేదు. ముప్పై ఏళ్ళుగా మిగిలినదాంట్లో కూర్చోవడం అలవాటైనవాడికి, తనకోసం ఒక సీటు ముందే అట్టేపెట్టుకోవచ్చునన్న సంగతే తోచదు. లోపల పనిచేసేవాడు టికెట్టు కొనడమంటే చేపలు పట్టేవాడు బజారుకెళ్ళి చేపలు కొన్నట్టు. పైగా పదకొండు ఖాళీలు. పదకొండు ఖాళీలున్న విమానం తెల్లారేసరికి నిండిపోవడం తన సర్వీసులో నాలుగుసార్లు చూశాడట. నాలుగుసార్లు అనేది ఆయనకు చాలా తక్కువ లెక్క.

అయిదోసారి ఆ మంగళవారం. ఏదో కంపెనీవాళ్ళు తొమ్మిదిమంది పొద్దున్నే ఒక్కసారిగా టికెట్లు కొన్నారు. ఇంకొకాయన విడిగా వచ్చాడు. ఒక్క సీటు మిగిలింది. ఆ సీటు మామయ్యకు ఇచ్చారు.

తర్వాత జరిగింది నాకు కౌంటరులో ఉన్న అమ్మాయి చెప్పింది. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి ఏడు నెలలు. మామయ్యే పని నేర్పాడు. ఆయనకు సీటు కాగితం ఇచ్చినప్పుడు, "మొదటిసారి మీకు నేనిస్తున్నాను సార్," అందట. ఆయన దాన్ని రెండుగా మడిచి జేబులో పెట్టుకుని, సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని, ప్రయాణికులు నిలబడే వైపు నిలబడ్డాడు. టైమయింది. ఆ అమ్మాయి బోర్డు చేతిలోకి తీసుకుంది. పెట్టలేదు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు, అయిదు నిమిషాలు నిలబడింది.

మూడో నిమిషంలో మామయ్య గోడ గడియారం వంక చూశాడు. ఆ చూపుకు ఆ అమ్మాయికి ఏదో అనిపించి, "పెట్టేస్తాను సార్," అంది.

"ఇంకా అయిదు నిమిషాలు కాలేదుగా అమ్మా."

నాలుగో నిమిషంలో ఒక మనిషి వచ్చాడు. చేతిలో బరువైన అట్టపెట్టె ఉంది. లోపల గచ్చుకు వేసే పలకల నమూనాలు. నగరంలో ఎవరికో చూపించాలట. ఆ సంగతి ఆ అమ్మాయికి పెట్టె తూచినప్పుడు తెలిసింది, మామయ్యకు తెలియదు. ఆయన అడగలేదు. ఎవరినీ ఎప్పుడూ ఎందుకెళ్తున్నారని అడగలేదు. ఆ అమ్మాయి ఆ మనిషితో సీటు లేదని చెప్పడానికి నోరు తెరిచింది. చెప్పవచ్చు. రూలు ప్రకారం కౌంటరు మూసి నాలుగు నిమిషాలయింది. ఆమె మామయ్య వంక చూసింది. అదే పొరపాటని ఇప్పుడు ఆ అమ్మాయి ఏడుస్తుంది. ఆయన వైపు చూడకుండా ఉండవలసిందట.

మామయ్య జేబులోంచి కాగితం తీసి, మడత విప్పి, కౌంటరు మీద పెట్టాడు. ఆ మనిషి ఆలస్యమైందా అని అడిగితే, లేదండీ, పరిగెత్తకండి, టైముంది అన్నాడట.

కొన్నాళ్ళకు ఇంటికొచ్చి ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి, "మేడమ్‌కి ఆపరేషన్ ఉందని నాకు తెలీదన్నయ్యా. సెలవు మీద ఊరెళ్తున్నానన్నారు," అంది. నేను కోపగించుకోవలసిన మనిషి తనే అనుకుని నా ఎదురుగా తల వంచుకుని కూర్చుంది. నాకు ఆమె మీద కోపం లేదు. ఆ పలకలవాడి మీద కూడా లేదు. వాడి మొహం నేను చూడలేదు కూడా. ఉన్నదంతా ఒకే మనిషి మీద.

ఆ పొద్దున ఏడూ ఇరవైకి మామయ్య ఫోను చేశాడు. సీటు దొరకలేదన్నాడు. ఇచ్చేశానని అనలేదు. పన్నెండున్నర విమానానికి టికెట్టు కొన్నానన్నాడు. ఫోను అత్తయ్యకు ఇమ్మన్నాడు. ఇచ్చాను. నాకు ఇటువైపు మాటలే వినపడ్డాయి. "ఊఁ" అంది. కాసేపాగి మళ్ళీ "ఊఁ" అంది. "సరే" అంది. ఫోను నాకిచ్చేసింది. ఆయన టైములు చెప్పాడట. పన్నెండున్నరకు ఎక్కితే ఒకటీ యాభై అయిదుకు దిగుతానని, డాక్టర్లు చెప్పిన టైముకు ఎప్పుడూ మొదలుపెట్టరని, పొద్దుటి విమానానికి ఇప్పుడే చెక్కలు తీస్తున్నారని. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే.

"ఎవరికో ఇచ్చేసుంటాడు," అంది అత్తయ్య. నేను కుర్చీలోంచి లేచాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. "వచ్చాక ఆయన మీద అరవకు. నాకోసం."

పన్నెండూ పదికి తోపుడు మంచం తీసుకొచ్చారు. నేను డాక్టరు గదికి వెళ్ళి ఒక్క రెండు గంటలు ఆపమని అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు. తర్వాత ఇంకో రోగి ఉన్నారని, ఇది జ్వరమొచ్చిన మనిషి వదిలిన వేళ అని, వదులుకుంటే మళ్ళీ పదిహేను రోజులు అవుతుందని చెప్పాడు. నువ్వేం చెయ్యమంటావో చెప్పు అని నన్నే అడిగాడు. నేను అత్తయ్యను అడిగాను. వెళ్దాం పద అంది.

మామయ్య ఎక్కిన విమానంలో సగం సీట్లు ఖాళీ. టైముకే లేచింది, టైముకే దిగింది. రెండూ యాభైకి ఆయన వరండాలో నడుచుకుంటూ వచ్చాడు. తీసుకెళ్ళారా అని అడిగాడు. నేను తల ఊపాను. ఆయన నా పక్కన బల్ల మీద కూర్చుని సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆపరేషను గది తలుపు పైన ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. అయిదున్నరకు డాక్టరు టోపీ చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. ఆ టోపీని చూస్తేనే తెలిసిపోయింది. గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టలేదని చెప్పాడు.

అత్తయ్య మాట నేను నిలబెట్టుకోలేదు. అక్కడే, ఆ వరండాలో, నర్సులూ ఆయాలూ ఆగి చూస్తుండగా అరిచాను. ఊళ్ళోవాళ్ళందరినీ ఎక్కించావు, ఆవిడను ఒక్కసారి సముద్రం దగ్గరికి తీసుకురాలేదు, చివరికి ఆవిడ ఇక్కడికి వచ్చింది ఇందుకా అన్నాను. నీ సీట్లో ఎవడు కూర్చున్నాడో తెలుసా అన్నాను.

"తెలీదురా. అడగలేదు," అన్నాడు.

ఆ మనిషి మారతాడనుకున్నాను. అదే నా తెలివితక్కువతనం. పన్నెండు రోజుల తర్వాత డ్యూటీకి వెళ్ళాడు. మొదటి వారంలోనే బోర్డు చేత్తో పట్టుకుని నిలబడి, ఒక కుటుంబాన్ని పిల్లాజెల్లాతో సహా ఎక్కించాడని ఆ అమ్మాయి చెప్పింది. సాయంత్రం ఇంటికి రాగానే అడిగాను, నీకు చేతులెలా వచ్చాయని. ఆయన కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెంబు కింద పెట్టాడు.

"వాళ్ళేం చేశార్రా?" అన్నాడు.

ఆ మాటకు నాకు ఇంకా ఒళ్ళు మండింది. ప్రయాణికులు సీట్లలో మర్చిపోయిన పుస్తకాలు, మూడు నెలలు ఎవరూ అడగకపోతే ఆయన నాకోసం ఇంటికి తెచ్చేవాడు. నేను చదివినవన్నీ అలా వచ్చినవే. ఆ రోజు కూడా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను ముట్టుకోలేదు. వేరే గది చూసుకుని వెళ్ళిపోదామనుకున్నాను. వెళ్ళలేదు. ఇద్దరం ఒక ఇంట్లో, వండుకున్నది వండుకున్నట్టు తిని, మాటలు లేకుండా నెల రోజులు గడిపాం. అత్తయ్య మిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఒకటి అలాగే ఉంది. అది ఎవరిదో మాకు తెలియదు. ఎవరూ వచ్చి అడగలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం తిన్న కంచాలు తీస్తుంటే ఆయన, తల ఎత్తకుండా, "ఆ రోజు ఫోను పెట్టేశాక, పన్నెండింటి దాకా ఏం చేసింది?" అన్నాడు.

ఆ ప్రశ్న కోసం నేను నెల రోజులుగా కాచుకుని ఉన్నాను. అడిగిన రోజు ఏదీ దాచకుండా చెప్పాలని, ఒక్క మాట కూడా మెత్తబరచకూడదని ముందే అనుకున్నాను. అలాగే చెప్పాను. నా చేత జడ వేయించుకుందనీ, నాకు రాక రెండుసార్లు విప్పి మళ్ళీ వేయించుకుందనీ చెప్పాను. పక్క మంచం ఆవిడతో జాకెట్టు చేతుల కుట్టు గురించి మాట్లాడిందనీ, కుర్చీ తలుపుకు అడ్డంగా ఉందని జరపమందనీ చెప్పాను. ఎవరి అడుగులు వినపడినా మాట మధ్యలో ఆపేసేదని చెప్పాను. మంచం తోసేముందు నర్సు కళ్ళజోడు తీసి ఇమ్మంది. అత్తయ్య ఇవ్వలేదు. కాసేపు ఉంచుకుంటానమ్మా, ఇది లేకపోతే దూరం నుంచి వచ్చేది ఎవరో నాకు ఆనదు అంది. వరండా పొడుగునా అది పెట్టుకునే, తల కొంచెం ఎత్తి, మెట్ల వైపే చూస్తూ వెళ్ళింది. ఆపరేషను గది తలుపు దగ్గర మంచం తిప్పుతున్నప్పుడు తనంతట తనే తీసి నా చేతికిచ్చింది.

చెప్పడం అయిపోయింది. నాకు ఏదో దక్కుతుందనుకున్నాను. ఏమీ దక్కలేదు. మామయ్య చెయ్యి ఎండిపోయి, వేళ్ళకు మెతుకులు అంటుకుని ఉన్నాయి.

"ఎక్కడుందది?" అన్నాడు.

కళ్ళజోడు నా పెట్టెలో ఉంది. ఆయనకు ఇవ్వకూడదని బట్టల అడుగున పెట్టాను. తెస్తానని లేచాను.

"వద్దు," అన్నాడు. "నీ చేతికిచ్చింది కదా. నీ దగ్గరే ఉండనీ."

లేచి కంచం తనే తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. కుళాయి కింద కడుగుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. నేను పెట్టె దగ్గరికి వెళ్ళలేదు, పెరట్లోకీ వెళ్ళలేదు. రెండింటి మధ్య గుమ్మంలో నిలబడి ఉన్నాను.